పొరుగింటి రోఁకటిపోటు: ఇరుగుపొరుగు బాధలను గూర్చిన నియమముల చరిత్ర

ఒకఁడు తన యింట నేమి చేసికొనుటకైనను స్వతంత్రుఁ డనునది యొక సూత్రము. ఎవ్వఁడును పొరుగువానికి బాధ కలిగింపఁగూడ దనునది రెండవ సూత్రము. ఈ రెండును విడివిడిగాఁ జూచినప్పుడు నిర్వివాదములే. కాని యొకయింటి రోఁకటిపోటు ప్రక్కయింటి రోగికి నిద్రాభంగము గావించునప్పుడును, ఒకయింటి మురికినీరు ప్రక్కయింటి గోడను నానఁజేయునప్పుడును ఈ సూత్రములకు సంఘర్షణము కలుగుచున్నది. ఆ సంఘర్షణమును దీర్చుటకై యెట్టి నియమములు పుట్టెనో, వానియందు శబ్దమున కెట్టి స్థాన మీయఁబడెనో విచారించుట యీ వ్యాసమునకు విషయము.

ధర్మశాస్త్రములు ఆచారప్రాయశ్చిత్తములకును, దాయభాగాదులకును మాత్రమే ప్రసిద్ధములనియు, వీథిశుభ్రత, గోడల నడిమి యెడము, గవాక్షముల యెత్తు మొదలగు విషయములు పాశ్చాత్యులు పురపాలకసంఘములతోఁ గూడఁ దెచ్చినవనియుఁ దలఁచువారు కలరు. ప్రాచీనగ్రంథములను జూచినచో నీ తలంపు నిలువదు. అట్లని నేఁటి నియమములన్నియుఁ బూర్వమే కలవని చెప్పుటయు సత్యము కాదు. ఉన్నదానిని లేనిదానిని వేఱుపఱిచి చూపుటయే యుచితము.

కౌటిల్యుని వాస్తుకనియమములు

మైసూరునందు లభించిన తాళపత్రప్రతినుండి ఆర్. శామశాస్త్రిగారు 1909వ సంవత్సరమున నర్థశాస్త్రమును బ్రకటించిరి. అందు ధర్మస్థీయమను మూఁడవ యధికరణమున గృహవాస్తుకమును గూర్చిన యధ్యాయ మొకటి కలదు. ఇరుగుపొరుగుల తగవులకు సంబంధించిన నియమములు ప్రాచీనవాఙ్మయమున నింత వివరముగా నుండుట యరుదు.

పెంటకుప్ప, నీటికాలువ, నూయి అను నవి గృహమునకుఁ దగిన చోటనే యుండవలెను, తప్పినవానికిఁ బూర్వసాహసదండము. దీనికొక మినహాయింపు చెప్పఁబడినది: ప్రసవించిన స్త్రీకై త్రవ్విన నీటిగుంట పదిదినములు గడచువఱకును దోషము కాదు. కట్టెలు కొట్టుటకును, శుభకార్యములయం దాచమనోదకము పాఱుటకును నీ నియమమే వర్తించును. లోఁతుగాఁ బాఱు కాలువయైనను, పైనుండి పడు ధారయైనను మూఁడు పదములు లేదా యొకటిన్నర యరత్నుల దూరమున నుండవలెను. తప్పినచో 54 పణములు. బండ్లును, చతుష్పాత్తులును నుండు చోటు, అగ్నిస్థానము, పెద్ద నీటికుండ యుండు చోటు, తిరుగలి, దంపుడుసాధనము అను నవి యొక పదము లేదా యొక యరత్ని యెడమున నుండవలెను; తప్పినచో 24 పణములు. ఈ దూరములు పొరుగువాని గోడనుండి యని సందర్భమును బట్టి గ్రహింపవలసియున్నది. కౌటిల్యుని మానమున నరత్ని యనఁగా 24 అంగుళములు; ఇంచుమించుగా నొక మూర.

తిరుగలిని, దంపుడుసాధనమును బేర్కొనుట యిచటఁ బ్రత్యేకముగా గమనింపఁదగినది. అవి రెండును మ్రోయునవి. అంతమాత్రమున నిది శబ్దనియమమని నిశ్చయింపవచ్చునా? వానితోఁ జేర్చి చెప్పఁబడిన నీటికుండ మ్రోయునది కాదు; అగ్నిస్థానమును అంతే. ఈ వస్తువులన్నింటికిని సామాన్యమైన లక్షణ మేమన, అవి గోడకుఁ జేటు తెచ్చునవి. నీరు నానఁజేయును, నిప్పు కాల్చును, పశువు రాయును, రోఁకలి యదరించును. కావున నీ నియమమునకు ముఖ్యప్రయోజనము గోడను గాపాడుట యనియే చెప్పవలెను. గోడకావల నుండువాని చెవికిఁ గొంత యుపశమనము కలిగియుండవచ్చును గాని యది సూత్రకారుని యుద్దేశమని చెప్పుటకు గ్రంథమున నాధారము లేదు.

ఆ యధ్యాయముననే రెండిండ్ల నడుమ నొక కిష్కువు లేదా మూఁడు పదముల సందుండవలెననియు, చూరుల నడుమ నాలుగంగుళముల యెడముండవలెను లేదా యొకదానిపై నొకటి యెక్కియుండవలెననియు, వెలుతురుకొఱకు గవాక్షము చిన్నదిగాను ఎత్తుగాను ఉండవలెననియు విధింపఁబడినది. ఎదురింటికి బాధ కలుగునట్లు ద్వారమునుగాని గవాక్షమునుగాని పెట్టుట దండ్యము. రాజమార్గములును వీథులును దీనికి మినహాయింపు. పొరుగుగోడను నీటితోఁ జెఱుచువానికి 12 పణములు. మలమూత్రములచేఁ జెఱిచినచో రెండింతలు.

ఈ నియమముల నడుమ నొక చిన్న వాక్యము కలదు. గృహస్వాములు తమలోఁ దాము కూడుకొని యిష్టమైనట్లు కట్టుకొనవచ్చును, అనిష్టమైనదానిని వారించుకొనవలెను అని దాని భావము. రాజు విధించిన కొలతకంటె నిరుగుపొరుగుల యంగీకారము బలవత్తరమని దీనివలన నేర్పడుచున్నది. కొలతలు తగవు పడినవారికిఁ గాని, కూడి మాటాడుకొనఁగలవారికిఁ గావు.

నగరాధికారి విధులను జెప్పు రెండవ యధికరణమున వీథుల సంగతి కలదు. వీథిలో దుమ్ము పోసినవానికిఁ బణమున నెనిమిదవ భాగమును, బురదనీటితో నడ్డగించినవానికి నాలుగవ భాగమును దండము; రాజమార్గమున రెండింతలు. పుణ్యస్థానము, నీటితావు, దేవగృహము మొదలగుచోట్ల మలవిసర్జనము చేసినవారికిఁ బణముతో మొదలై పెరుగు దండములు చెప్పఁబడినవి. ఔషధమువలనఁగాని, వ్యాధివలనఁగాని, భయమువలనఁగాని యట్లు చేసినవారు దండ్యులు కారు. పిల్లి, కుక్క మొదలగువాని కళేబరములను నగరములోఁ బాఱవైచినచో 3 పణములు, గాడిద యొంటె మొదలగువానికి 6 పణములు, మనుష్యశవమునకు 50 పణములు.

రాత్రివేళ ప్రొద్దు గ్రుంకిన యాఱు నాళికలకును, తెల్లవాఱుట కాఱు నాళికలకు ముందును తూర్యము మ్రోయింపఁబడును. ఆ రెంటి నడుమ వీథులఁ దిరుగుట నిషిద్ధము. ప్రసవకార్యమునకుఁ బోవువారు, వైద్యులు, శవమును గొనిపోవువారు, దీపముతోఁ బోవువారు, అగ్నిప్రమాదమునకుఁ బరువెత్తువారు మొదలగువారిని బట్టుకొనఁగూడదు. దీనివలన రాత్రి నగరము నిశ్శబ్దముగా నుండియుండవచ్చును. కాని యీ నిశ్శబ్దము చోరభయమువలనఁ గలిగినది. నిద్రించువాని సుఖముకొఱకుఁ గలిగినది కాదు.

స్మృతికారుల మతము

మనుస్మృతి తొమ్మిదవ యధ్యాయమున, ఆపద లేకయే రాజమార్గమున నమేధ్యమును విడిచినవాఁడు రెండు కార్షాపణముల నిచ్చుటయే గాక యా చోటును వెంటనే శుభ్రపఱుపవలెనని కలదు. ఆపన్నుఁడు, వృద్ధుఁడు, గర్భిణి, బాలుఁడు అను వీరికి దండము లేదు, మందలింపు మాత్రమే. శుభ్రపఱుచుట మాత్రము తప్పదు. శిక్ష వేఱు, బాధానివారణము వేఱు అను నేఁటి న్యాయవాదుల విభాగమిందు స్పష్టముగా నున్నది.

నారదుఁడు సీమావివాదప్రకరణమునఁ బెంటకుప్పలతోను, గుంటలతోను, కాలువలతోను నాలుగుదారుల కూడలిని, దేవస్థానమును, రాజమార్గమును అడ్డగింపఁగూడదనెను. యాజ్ఞవల్క్యుఁడు పొరుగువాని గోడను గొట్టుట, చీల్చుట, పడఁగొట్టుట మొదలగువానికిఁ దరతమభేదముతో దండములు చెప్పి, గోడను బాగుచేయు వ్యయమునుగూడ నిప్పించెను. పరగృహమున దుఃఖము కలిగించు వస్తువును విసరినవానికి 16 పణములు. ప్రాణాపాయకరమైనదానిని విసరినవానికి మధ్యమసాహసము. మొదటిది ముండ్లు మొదలగునవి యనియు, రెండవది విషసర్పాదులనియు మితాక్షర వివరించుచున్నది.

బృహస్పతి కాత్యాయనుల పేర నిబంధనకారు లుదాహరించిన వచనములలో రెండు విషయములు ముఖ్యములు. మలమూత్రములకును, మురికినీటికిని, అగ్నికిని, గుంటకును నేర్పఱిచిన తావులు పొరుగుగోడకు రెండరత్నుల దూరమున నుండవలెననునది మొదటిది. గృహప్రవేశకాలము మొదలుకొని యెవ్వఁడు గవాక్షము, తూము, అరుగు మొదలగువానిని ఎట్లనుభవించుచుండెనో యట్లే యుండనీయవలెను, చలింపఁజేయఁగూడదనునది రెండవది. అనఁగాఁ బూర్వమున్నదానికి బలము, క్రొత్తగాఁ బెట్టినదానికి నిషేధము. ఈ రెండవ సూత్రమునకుఁ బశ్చిమదేశమునఁ గలిగిన గతి ముందు చెప్పఁబడును.

యాజ్ఞవల్క్యుఁడే మఱియొకచోట, స్వధర్మమునకు విరోధింపని సామయికధర్మమును రాజు ప్రయత్నపూర్వకముగాఁ గాపాడవలెననెను. పశువుల మేఁత, నీటి సంరక్షణము, దేవగృహపాలనము మొదలగువిషయములలో నూరివారు కూడి చేసికొన్న కట్టుబాటే సామయికధర్మమని వ్యాఖ్యాత చెప్పెను. కౌటిల్యుఁడు గృహస్వాముల యంగీకారమునకిచ్చిన బలము నిచట నూరి కట్టుబాటు పొందినది.

శబ్దమును గూర్చిన పూర్వుల దృష్టి

ఇంతవఱకుఁ జూపిన నియమములలో నీరు, నిప్పు, మలము, గోడ, త్రోవ కలవు, శబ్దము లేదు. పూర్వులకు శబ్దబాధ తెలియదా యనిన, తెలియును. దానికి సాక్ష్యము ధర్మశాస్త్రముల యనధ్యాయప్రకరణమునఁ గలదు. వీణ, భేరి, మృదంగము మొదలగువాని ధ్వనియు, రథధ్వనియు, ఆర్తనాదమును వినఁబడునప్పుడు వేదాధ్యయన మాపవలెనని గౌతముఁడు చెప్పెను. కుక్క, గాడిద, ఒంటె కూయునప్పుడును, ఎవరైన నేడ్చుచున్నప్పుడును అధ్యయనము కూడదని మనువు చెప్పెను.

ఇందలి విశేషము చక్కఁగాఁ బరికింపవలెను. మ్రోఁతకును, పఠనమునకును విరోధము కలిగినప్పుడు శాస్త్రము మ్రోఁతను మాన్పలేదు; పఠనమును మాన్పినది. మృదంగము వాయించువానికి దండము లేదు. పఠించువానికి విరామము విధింపఁబడినది. ఏడ్చువారిని ఊరకుండుఁడని చెప్పుట కంటె, పఠించువాఁడు గ్రంథమును గట్టిపెట్టుటయే ధర్మమని పూర్వులు తలఁచినట్లు కనఁబడుచున్నది. ఆర్తనాదము విషయమున నీ విధి యెంతయుఁ దగియున్నది. ఇతరశబ్దముల విషయమున నోర్చుకొనువాని మీఁదనే భారము మోపఁబడినది.

శబ్దమునకే నేరుగా దండము చెప్పిన వచన మొకటి యాజ్ఞవల్క్యస్మృతి వ్యవహారాధ్యాయమునఁ గలదు. నూఱు పణముల దండమునకుఁ బాత్రులైనవారిని లెక్కించుచు, ఆపన్నుఁడు మొఱవెట్టినప్పుడు పరువెత్తి రానివానిని, కారణము లేకయే మొఱవెట్టినవానిని స్మృతికారుఁ డొకచోటనే చేర్చెను. ఈ రెండు నేరములకును గల సంబంధము స్పష్టము. కావలివాఁడు దూరమున నున్న కాలమునఁ బొరుగువాని చెవియే ప్రజలకు రక్ష. ఆ చెవిని వ్యర్థపుఁగేకలతో మోసపుచ్చినవాఁడు, పిలుపు విని కదలనివానితో సమానుఁడు. శబ్దమువలనఁ గలుగు హాని నిద్రాభంగము మాత్రమే కాదనియు, వినఁదగినది వినఁబడకపోవుటయు హానియే యనియు స్మృతికారుఁడు గుర్తించినట్లు దీనివలనఁ దేలుచున్నది.

అయినను సత్యమును దాఁచఁగూడదు. నూఱు పణముల యా పట్టికయందే చండాలుఁ డుత్తమవర్ణుల నంటుటయు నొక నేరముగాఁ జెప్పఁబడినది. అర్థశాస్త్రమున నగ్నిజీవనులను, అనఁగాఁ గమ్మరులు మొదలగువారిని, ఒకచోట నుంచవలెననుట యగ్నిభయమువలన ననుకొనవచ్చును. చండాలుర నివాసము శ్మశానాంతమున నుండవలెననుట కట్టి హేతువు లేదు. బాధ కలిగించు పనిని నిషేధించుట యొకటి, మనుష్యునే బాధగాఁ దలఁచి దూరమునఁ బెట్టుట వేఱొకటి. పూర్వనియమములలో నీ రెండును గలసిపోయియున్నవి. వానిని బ్రశంసించువారు మొదటిదానిని మాత్రమే చూపి రెండవదానిని విడుచుట చరిత్ర కాదు.

ఆంధ్రదేశము

కల్యాణపురమున ఆఱవ విక్రమాదిత్యుని కాలమున విజ్ఞానేశ్వరుఁడు రచించిన మితాక్షర యాంధ్రదేశమున వ్యవహారనిర్ణయమునకుఁ బ్రమాణమైనది. పదుమూఁడవ శతాబ్దమునఁ గేతన దాని ననుసరించి విజ్ఞానేశ్వరీయమును దెలుఁగుపద్యములలో రచించి, ఆచార వ్యవహార ప్రాయశ్చిత్తములను దేశభాషలో నందుబాటు చేసెను. సంస్కృతము రాని యూరిపెద్దలకు ధర్మనిర్ణయమునకు నాధారమైన తెలుఁగుగ్రంథ మిట్లేర్పడినది.

ఓరుఁగంటి వీథులను వర్ణించు క్రీడాభిరామమును జూచినచో నాఁటి పట్టణమునందలి శబ్దప్రపంచము తెలియును. మిత్రు లిద్దఱు నగరమునఁ దిరుగుచుండఁగా వాద్యములు, పాటలు, కోడిపందెముల కోలాహలము, భక్తుల సంబరములు వారి కెదురగుచుండును. పట్టణమునకు మ్రోఁత యలంకారమే గాని దోషము కాదు. పగటి సందడి యట్లుండఁగా, రాత్రి కొలిమియు గానుగయు నూరి కట్టుబాటునకు లోఁబడియుండుట సహజము. సామయికధర్మమను పేరు గ్రంథములది. కట్టుబాటను పేరు జనులది.

పశ్చిమదేశముల వ్యాజ్యములు

ఇంగ్లాండునందు శబ్దబాధను గూర్చిన ఫిర్యాదు ప్రాచీనమైనదే. లండను నగరమున నిరుగుపొరుగుల బాధలను విచారించుటకుఁ బ్రత్యేకమైన నగరసభ యుండెడిది. 1377వ సంవత్సరమున నొక దంపతులు తమ పొరుగున నున్న కవచకారుల మీఁద నాసభయందు ఫిర్యాదు చేసిరి. సమ్మెటపోట్లచే గోడ లదరుచున్నవనియు, రేయింబవళ్లు తమకును సేవకులకును విశ్రాంతి లేకున్నదనియు, నేలమాళిగలోని ద్రాక్షాసవము చెడుచున్నదనియు, బొగ్గుపొగ కంపు కొట్టుచున్నదనియు వారి మొఱ. ఏ వృత్తివాఁడైనను నగరమున నెచటనైనఁ దన పని చేసికొనవచ్చునని ప్రతివాదుల వాదము. కౌటిల్యుని వలెనే యిచటను గోడ ముందు చెప్పఁబడినది. కాని దానివెంట నిద్రయుఁ జెప్పఁబడినది.

1610వ సంవత్సరపు ఆల్డ్రెడ్ వ్యాజ్యమునఁ బందులదొడ్డి దుర్గంధము బాధయని నిర్ణయింపఁబడెను. గృహస్థునకు మంచిగాలి యావశ్యకమనియు, కన్నుల పండువగు దృశ్యము మాత్రము హక్కు కాదనియు నా తీర్పునఁ జెప్పఁబడినది. పందులు లోకమున కుపయోగకరములు గదా యను సమాధానము చెల్లలేదు.

1879వ సంవత్సరపు స్టర్జెస్ బ్రిడ్జ్‌మన్ వ్యాజ్యము ధర్మశాస్త్రజ్ఞులకు మిగుల నాసక్తికరము. లండనులోని విగ్మోర్ వీథియందు మిఠాయివ్యాపారి యొకఁడు తన వంటయింటఁ బెద్దరోళ్లలో రోఁకళ్లతో దంపించుచు నిరువదియేండ్లకు మించి వ్యాపారము సాగించెను. వెనుకటి యింటి వైద్యుఁడు తన పెరటి చివర నా వంటయింటి గోడ నానుకొని రోగులను బరీక్షించు గది యొకటి కట్టుకొనెను. అంతట రోఁకటిపోటు రోగి గుండెచప్పుడు విననీయకుండెను. ముందునుండి దంపుచుండినది వ్యాపారి. క్రొత్తగా గది కట్టినది వైద్యుఁడు. అయినను న్యాయస్థానము వైద్యునిపక్షమునఁ దీర్పు చెప్పెను. బాధ యనునది పొరుగువానికి వ్యాజ్యార్హమైనప్పటినుండియే కాలము లెక్కింపవలెను గాని, ఎవ్వరికిని బాధ లేని కాలమును లెక్కించి హక్కు సంపాదింపఁగూడదని హేతువు. ప్రదేశమును బట్టి బాధ మాఱునని, ధనికుల నివాసమైన పేటలో బాధయైనది తోళ్లు పదునుచేయు పేటలో బాధ కానక్కఱలేదని కూడ నా తీర్పునఁ జెప్పఁబడెను.

బృహస్పతి వచనమును దీనితోఁ బోల్చి చూచినచో భేదము స్పష్టము. పూర్వమున్నదానిని జలింపఁజేయఁగూడదని స్మృతి. పూర్వమున్నంతమాత్రమున బాధ హక్కు కాఁజాలదని వ్యాజ్యనిర్ణయము. కాని స్మృతి చెప్పినది గవాక్షములు, తూములు, అరుగులు మొదలగు కట్టడములను గూర్చి. వ్యాజ్యమునఁ దేలినది నిత్యము చేయఁబడు క్రియను గూర్చి. కట్టడము కంటికిఁ గనఁబడుచుండును గనుక పొరుగువాఁడు మొదటనే వారింపవచ్చును. మ్రోఁత విన నెవ్వఁడును లేనప్పుడు వారించువాఁడెవ్వఁడు? ఈ భేదమును గుర్తించినచో రెండింటికిని విరోధము చాలవఱకు సమసిపోవును.

చెన్నపురి రాజధానియందు

1860వ సంవత్సరపు భారతశిక్షాస్మృతి 268వ ప్రకరణమున సార్వజనికబాధకు లక్షణము చెప్పఁబడినది. ప్రజలకుఁగాని, ఆ చేరువ నివసించువారికి సామాన్యముగాఁ గాని హాని, అపాయము, చిరాకు కలిగించు క్రియ సార్వజనికబాధ. కొంత సౌకర్యము గాని లాభము గాని కలుగుచున్నదను హేతువున నది క్షమింపఁదగినది కాదు. 290వ ప్రకరణమున దానికి 200 రూపాయలవఱకు జరిమానా. 1861వ సంవత్సరపు పోలీసుచట్టము ఉత్సవసమయములయందు వీథులలో వాద్యము లెంతవఱకు వాయింపవచ్చునో నియమించు నధికారమును పోలీసువారికిచ్చెను.

శబ్దమును బేర్కొని పొరుగువాని హక్కును బ్రకటించినది 1882వ సంవత్సరపు ఈజ్‌మెంటుల చట్టము. ఇది మొట్టమొదట నమలైన ప్రాంతములలోఁ జెన్నపురి రాజధాని యొకటి. కావున సర్కారుజిల్లాలును, దత్తమండలములును దీని క్రిందికి వచ్చినవి. అందలి 7వ ప్రకరణపు నుదాహరణములలో, ఇతరులు కలిగించు శబ్దమువలనఁగాని, అదరువలనఁగాని తన దేహసౌఖ్యమునకుఁ జెప్పుకోఁదగినంతగాను, అన్యాయముగాను భంగము కలుగకుండుట ప్రతిగృహస్వామికిని హక్కని కలదు. కౌటిల్యుని దంపుడుసాధన మదరించిన గోడకు బదులుగా నిచట నింటిలోని మనుష్యుని దేహము వచ్చి నిలిచినది. మూర యెడమునకు బదులుగా న్యాయాన్యాయవిచారము వచ్చినది.

1889వ సంవత్సరమునఁ జెన్నపురి ప్రభుత్వము పట్టణబాధలను గూర్చి మూఁడవ చట్టమును జేసెను. ఈ కాలముననే వీథులలో వాద్యములతో నూరేఁగుటను గూర్చిన వ్యాజ్యములు హెచ్చినవి. చెన్నపురి యున్నతన్యాయస్థానము 1882, 1883 సంవత్సరములలోఁ జెప్పిన తీర్పులకుఁ దరువాత, మంజూర్ హసన్ వ్యాజ్యమునఁ బ్రివీకౌన్సిలు చేసిన నిర్ణయము 1925వ సంవత్సరమునఁ బ్రచురితమైనది. రాజమార్గమున మతసంబంధమైన యూరేఁగింపు తగిన యుపచారములతో నడుపుట హక్కనియు, అది యధికారుల న్యాయమైన యాజ్ఞలకును, ఇతరజనుల హక్కులకును లోఁబడినదనియు నందు స్థిరపడినది. శబ్ద మింతవఱకు నిరుగుపొరుగు గృహస్థుల తగవుగా నుండి, యీ వ్యాజ్యములతో సమూహముల తగవైనది. కూడుకొని వారించుకొనుఁడని కౌటిల్యుఁడు చెప్పిన గృహస్వాములు రెండు పక్షములుగా విడిపోయినప్పుడు, అంగీకారమునకు బదులు మేజిస్ట్రేటు ఆజ్ఞ యవసరమైనది.

స్వాతంత్ర్యానంతరము

1980వ సంవత్సరమున రత్లాం పురపాలకసంఘపు వ్యాజ్యమున సుప్రీముకోర్టు ముఖ్యమైన తీర్పు చెప్పెను. మురుగుకాలువల కంపుచే బాధపడిన పేటవాసులు శిక్షావిచారణస్మృతి 133వ ప్రకరణము క్రింద మేజిస్ట్రేటు నాశ్రయించిరి. తమకు ధనము లేదని పురపాలకసంఘము వాదించెను. వి. ఆర్. కృష్ణయ్యర్ గారు ఆ వాదమును ద్రోసిపుచ్చి, విధిని నెఱవేర్పవలసినదే యని నిర్ణయించిరి. బాధ కలిగించునది పొరుగువాఁడే కానక్కఱలేదు. పాలించు సంఘమే కావచ్చునని దీనివలన స్పష్టమైనది.

2000వ సంవత్సరమున భారతప్రభుత్వము శబ్దకాలుష్యనియమములను బ్రకటించెను. వానియందు శబ్ద మంకెలలోఁ గొలువఁబడి, దేశమునకంతకును వర్తించునట్లు ప్రదేశభేదమున మితు లేర్పడినవి. నివాసప్రదేశమునఁ బగలు 55 డెసిబెలులు, రాత్రి 45. వాణిజ్యప్రదేశమున 65, 55. పరిశ్రమల ప్రదేశమున 75, 70. ఆసుపత్రులు, విద్యాలయములు, న్యాయస్థానముల చుట్టును నూఱు మీటర్ల మేర నిశ్శబ్దమండలము. అందు 50, 40. రాత్రి యనఁగాఁ బది గంటలు మొదలు తెల్లవాఱి యాఱు గంటలవఱకు. 2002వ సంవత్సరపు సవరణమున మతసాంస్కృతికోత్సవములకై సంవత్సరమునఁ బదునైదు దినములకు మించకుండ నర్ధరాత్రివఱకు ననుమతించు నధికారము రాష్ట్రప్రభుత్వముల కీయఁబడెను. మితికంటెఁ బది డెసిబెలులు మించినచోఁ బౌరుఁడు ఫిర్యాదు చేయవచ్చును.

2000వ సంవత్సరముననే చెన్నపురిలోని యొక ప్రార్థనామందిరపు వ్యాజ్యమున, ఇతరుల శాంతిని భంగపఱుచు ధ్వనివిస్తారకములను ఏ మతమును విధింపలేదని సుప్రీముకోర్టు చెప్పెను. 2005 జులై 18వ తేదీని శబ్దకాలుష్యమును గూర్చి విస్తృతమైన తీర్పు వెలువడినది. ఈ వ్యాజ్యమునకు మూలమైన సంగతులలో నొకటి యిది: ఒక బాలిక మీఁద నత్యాచారము జరుగుచుండఁగా, చేరువనున్న ధ్వనివిస్తారకపు హోరులో నామె మొఱ పొరుగువారికి వినఁబడలేదు. యాజ్ఞవల్క్యుఁ డొకచోటఁ జేర్చిన రెండు నేరములకును గల సంబంధమునకు నింతకంటె దారుణమైన వ్యాఖ్యానముండదు. ఇచటఁ బరువెత్తి రానివారిది దోషము కాదు. వారి చెవి ముందే యపహరింపఁబడినది.

2024 జులై 1వ తేదీనుండి శిక్షాస్మృతికి బదులు భారతీయన్యాయసంహిత యమలులోనికి వచ్చెను. సార్వజనికబాధ దాని 270వ ప్రకరణమునఁ జెప్పఁబడి, 292వ ప్రకరణమున జరిమానా 200 రూపాయలనుండి 1,000 రూపాయలవఱకుఁ బెంపఁబడినది. లక్షణము మాత్రము దాదాపు యథాతథముగా నున్నది.

ఉపసంహారము

ఈ చరిత్రను క్రమముగాఁ బరిశీలింపఁగా మూఁడు దశలు కనఁబడుచున్నవి. మొదటిదశయందు నియమము గోడను గాపాడినది, కొలత మూర. రెండవదశయందు నియమము మనుష్యుని దేహసౌఖ్యమును గాపాడినది. కొలత సామాన్యమానవుని యోర్పు. మూఁడవదశయందు నియమము చెవిని గాపాడినది, కొలత డెసిబెలు. మూరకోల ప్రతిగృహస్థుని చేతిలోనిదే. సామాన్యుని యోర్పునకు సామాన్యుఁడే సాక్షి. డెసిబెలును గొలుచు యంత్ర మధికారి చేతిలోనిది. నియమము సూక్ష్మమైనకొలఁది దానిని వినియోగించుకొను శక్తి గృహస్థునకు దూరమైనదని దీనివలనఁ దెలియుచున్నది. మితి మించెనా లేదా యని తేలువఱకు రాత్రి గడచిపోవును.

కావున నంకె లనావశ్యకములని తాత్పర్యము కాదు. అంకె లేనిచోట బలవంతుని యుత్సవము ఉత్సవముగాను, బలహీనుని కొలిమి బాధగాను లెక్కింపఁబడును. జాతిని జూడక ధ్వనిని మాత్రమే చూచుట యంత్రమునకుఁ గల గుణము, పూర్వనియమములలో లోపించినదదియే. కాని పూర్వులయందుఁ గల యొక గుణము నేఁటి నియమములలోఁ గొఱఁతపడినది. ప్రసవించిన స్త్రీకిఁ బది దినములు, రోగికి మినహాయింపు, వృద్ధునకు మందలింపు అని వారు నియమముతోఁ గూడ నింటిలోనివారిని జూచిరి. నేఁటి నిశ్శబ్దమండలము ఆసుపత్రి చుట్టును నూఱు మీటర్లు గలదు; ఇంటనే మంచము పట్టిన రోగి చుట్టు నొక్క మూరయు లేదు.

ఆ మూర నిచ్చుట చట్టమువలనఁ గాదు. గృహస్వాములు కూడుకొని యనిష్టమును వారించుకొనుటవలననే యగును. కౌటిల్యుఁడు దండముల నడుమ నా చిన్న వాక్యమును బెట్టుటకు నిదియే కారణమై యుండును. ఇరుగుపొరుగులు మాటాడుకొనుచున్నంతకాలము దండములతోఁ బని లేదు; మాటాడుకొనుట మానినప్పుడు దండములు చాలవు.